చలి దిండ్లు

వీధిలో అందరూ ఆమెను టేపక్క అంటారు. మెళ్ళో గొలుసు ఉన్నా లేకపోయినా కొలతల టేపు మాత్రం ఉండాల్సిందే. కూరగాయలకు వెళ్లినా, బడికి వెళ్లినా, ఆఖరికి ఆసుపత్రికి వెళ్లినా అది ఆమెతోనే వెళ్తుంది. బట్టలు కుట్టడంలో ఎంత పనితనం ఉందో, ముక్కు మీద అంత కోపమూ ఉంది. డిజైను నచ్చలేదన్న వాళ్లను ఆమె క్షమిస్తుంది. కొలత తప్పిందన్న వాళ్లను జన్మలో క్షమించదు.

అలాంటి మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, వానలు వెనకబట్టిన ఒక మధ్యాహ్నం, ఆమె వదిన తేల్చి చెప్పేసింది. వదిన అంటే మొగుడి అక్క. ఊరికి ఆ చివర ఉంటుంది. ఆమెకు పిల్లల్లేరు, తమ్ముడి కూతురంటే ప్రాణం.

"కోపం తెచ్చుకోకుండా విను. పోయిన చలికాలం పిల్ల తొమ్మిది రోజులు ఆసుపత్రిలో పడుంది. డాక్టరు ఏమన్నాడో నువ్వూ విన్నావు, నేనూ విన్నాను. ఇంట్లో చెమ్మా బూజూ ఉంటే దీని ఊపిరి తట్టుకోదన్నాడు. మొదటి చలి పడ్డ వారం నేను వస్తాను. ఆ మంచం వెనకాల గోడ మీద ఒక్క నల్లమచ్చ కనబడిందా, నా మేనకోడలు నా వెంట వస్తుంది. చలి పోయేదాకా నా దగ్గరే ఉంటుంది."

"నాలుగు నెలలా వదినా?"

"నాలుగు నెలలే. మళ్లీ తొమ్మిది రోజులు అక్కడ కూర్చునే ఓపిక నాకు లేదు. నీకుందా?"

టేపక్క మొగుడి వైపు చూసింది. ఆయన సిటీ బస్సు డ్రైవరు. రోడ్డు మీద ఎంత హుషారో ఇంట్లో అంత నిదానం. అటు అక్క, ఇటు భార్య. ఆయన కాలు బ్రేకు మీదే ఉండిపోయింది.

వదిన మాటల్లో కాస్త విషం ఉంటే బాగుండేది. తిప్పికొట్టడానికి టేపక్కకు ఒక్క నిమిషం పట్టేది కాదు. విషం లేదు, నిజం ఉంది. అందుకే అది మింగుడు పడలేదు.

ఆ పిల్లకు ఏడేళ్లు. ముద్ద పెడితే నాలుగు మెతుకులు ఏరుకుని తిని ఎగిరిపోతుందని తండ్రి పిచ్చుక అని పేరు పెట్టాడు. చలి మొదలైందంటే పిచ్చుక గుండెల్లో పిల్లికూతలు మొదలవుతాయి. రోజూ సాయంత్రం టేపక్క దాన్ని బోర్లా పడుకోబెట్టి, రెండు రెక్కల మధ్య చెవి ఆనించి వింటుంది. ఆ కూత వినబడిన రోజు ఆమె మిషను తొక్కదు. ఊరికే పిల్ల పక్కన కూర్చుని దాని వీపు రాస్తూ ఉంటుంది.

"నా పిల్లను నా ఇంట్లోనే ఉంచుకుంటాను. ఆ గోడ సంగతేదో నేనే తేలుస్తాను" అంది, వదిన వెళ్లిపోయాక. మొగుడితో అనలేదు, గోడతో అంది.

మర్నాడు పొద్దున్న పిచ్చుక బడికి వెళ్లగానే పని మొదలైంది. వాళ్లది కింది వాటా. ముందు ఒక పెద్ద గది, వెనక వంటగది, పక్కన స్నానాల గది. ఆ పెద్ద గదిలోనే మిషను, కత్తిరింపు బల్ల, ఇస్త్రీ, బీరువా, పిచ్చుక మంచం. ఆమె బీరువాను జరిపింది, మంచాన్ని లాగింది, గోడకు ఆనించిన గుడ్డల తానులన్నీ వంటగదిలో పోసింది. అప్పుడు సుద్దముక్క తీసుకుని, కనబడిన ప్రతి మచ్చ చుట్టూ గీత గీసింది. గీత గీశాక టేపు పెట్టి కొలిచింది. కొలతల పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, గిరాకీల పేర్లు రాసే చోట 'గోడ' అని రాసింది. మంచం వెనక పొడవు నలభై, ఎత్తు ఇరవై. కిటికీ మూల పన్నెండు, తొమ్మిది. బీరువా వెనక ముప్పై, పదకొండు. వంటగది పైకప్పు అందలేదు గనక అందాజు. ఇంటికి కొలతలు తీసిన దర్జీ ప్రపంచంలో ఇంకొకరు ఉన్నారో లేదో తెలియదు గానీ, ఆమెకు మాత్రం కొలిచాక కాస్త ధైర్యం వచ్చింది. కొలత తెలిసిన దానికి ఆమె ఎప్పుడూ భయపడలేదు.

దోషి ఎవరన్నది ఆమె రెండేళ్ల కిందే తేల్చేసింది. ఇంటాయన. కింది వాటా వీళ్లకు అద్దెకిచ్చి మేడ మీద ఉండే ఆయన, గోడలో నీళ్లు ఊరుతున్నా పట్టించుకోడు. అడిగితే "మీరు లోపల ఉండే తీరమ్మా" అన్నాడు ఒకసారి. అంతే, ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. అద్దె కూడా డ్రైవరు చేతికిచ్చి పంపిస్తుంది. మెట్ల దగ్గర ఎదురుపడితే ఇద్దరూ చెరో గోడను చూస్తూ వెళ్లిపోతారు.

ఈసారి మాటలతో లాభం లేదు, సాక్ష్యం కావాలి. అందుకని తాపీమేస్త్రీని పిలిపించింది. ఆ వీధిలో సగం గోడలు ఆయన చేతి మీదుగా లేచినవే. ముసలాయన వచ్చి, ఇంటి చుట్టూ తిరిగి, గోడ అడుగున మట్టి తవ్వి చూశాడు. వాననీటి గొట్టం తట్టి చూశాడు. బయట సున్నం మీద అరచెయ్యి పెట్టి, డాక్టరు నాడి చూసినంత సేపు నిలబడ్డాడు. తర్వాత పెదవి విరిచాడు.

"గోడ గట్టిగానే ఉందమ్మాయ్."

"వానలు తగ్గి రెండు వారాలైంది కదా మేస్త్రీగారూ, అందుకని పైకి పొడిగా ఉంది. లోపల ఊరుతోంది."

"నువ్వు మేస్త్రీవా, నేను మేస్త్రీనా?" అని నవ్వాడాయన. "సరే, గోడనే అడుగుదాం. ప్లాస్టిక్ కాగితం ఉందా? అడుగు పొడవు, అడుగు వెడల్పు కత్తిరించి గోడకు పెట్టు. నాలుగు పక్కలా దెబ్బలకు వేసే ప్లాస్టర్ అంటించు, చీమ కూడా దూరకూడదు. రెండు రోజులు ముట్టుకోకు. కాగితం వెనకాల, అంటే గోడ వైపు నీళ్లు పట్టాయనుకో, తప్పు గోడది. నేనే వచ్చి ఇంటాయనతో చెప్తాను."

"ముందు వైపు పడితే?"

"అప్పుడు చూద్దాంలే."

ఆయన ఒక్కటి పెట్టమంటే ఆమె మూడు పెట్టింది. పిచ్చుక వాటిని చూసి గోడకు దెబ్బ తగిలిందా అని అడిగింది. అవునమ్మా, కట్టు కట్టాం అని చెప్పింది టేపక్క. ఆ రెండు రోజులూ ఆమె మిషను తొక్కుతూనే ఓ కన్ను అటే వేసి ఉంచింది. మేడ మీదికి వెళ్లి ఏం మాటలు అనాలో కూడా మనసులో కుట్టి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి సిద్ధంగా ఉంచుకుంది.

మూడో రోజు పొద్దున్న లేచి చూస్తే, మూడు కాగితాల మీదా ముందు వైపే నీళ్లు. సన్నటి చుక్కలు కొన్ని కిందికి జారి ప్లాస్టర్ అంచున ఆగి ఉన్నాయి. ఆమె గబగబా ప్లాస్టర్ ఊడబెరికి వెనక వైపు వేలు పెట్టి రాసింది. పొడి. రెండోది పీకింది, మూడోది పీకింది. వెనకాల ఎక్కడా తడి లేదు.

"ఇదేదో తప్పు" అనుకుంది. కొత్త కాగితాలు కత్తిరించి మళ్లీ అంటించింది. మళ్లీ రెండు రోజులు పోయాయి, మళ్లీ అదే సమాధానం వచ్చింది. మొండితనంలో గోడ ఆమెకు తీసిపోలేదు.

మేస్త్రీ రెండోసారి వచ్చినప్పుడు కాగితాల వంక చూడనే లేదు. గుమ్మంలో నిలబడి గదంతా తేరిపార చూశాడు. ఇస్త్రీపెట్టె బుసబుసమని ఆవిరి కక్కుతోంది. గది ఆ మూల నుంచి ఈ మూలకు కట్టిన తాడు మీద తడిపిన లైనింగు గుడ్డ ఆరుతోంది, ఒకటి కాదు, ఆరు ముక్కలు. కింద బకెట్టులో చుక్కలు పడుతున్నాయి.

"ఇదెందుకమ్మాయ్, ఇంట్లో ఆరేశావు?"

"నూలు గుడ్డ ముందే తడిపి ఆరబెట్టకపోతే, కుట్టాక మొదటి ఉతుకుడుకే కుంచించుకుపోతుందండీ. నా దగ్గర కుట్టించుకున్నది ఒక్కటీ బిగిసింది లేదు ఇప్పటిదాకా. బయట ఆరేస్తే దుమ్ము. గిరాకీల గుడ్డ కదా, మచ్చ పడితే ఎవరిది పూచీ?"

"రోజూ ఆరేస్తావా?"

"రోజూ."

"ఇన్ని నీళ్లు ఎటు పోతున్నాయంటావు?"

ఆమె తాడు వైపు చూసింది, బకెట్టు వైపు చూసింది. మేస్త్రీ కళ్లు పైకి వెళ్లాయి. కప్పుకు జానెడు కింద, గాలి పోవడానికి గోడలో వదిలిన రంధ్రం ఉండాల్సిన చోట, ఒక చక్కటి చిన్న దిండు ఒదిగి కూర్చుని ఉంది. నీలం గుడ్డ, చుట్టూ పైపింగు, మధ్యలో ఎర్రదారంతో పువ్వు.

"అదేంటి?"

"చలి దిండు" అంది టేపక్క. ఆ మాట చెప్పేటప్పుడు ఎప్పుడూ ఆమె గొంతులో కాస్త గర్వం ఉంటుంది.

ఉండదూ మరి? పిచ్చుక పుట్టింది చలికాలంలోనే. రెండు కిలోలు కూడా లేని పిల్లను ఒళ్లో పెట్టుకుని, పైనుంచి వచ్చే చలిగాలికి వణికిపోయి, బాలింత ఒంటితోనే ఆమె స్టూలెక్కి ఆ రంధ్రాలు మూడింటికీ కొలతలు తీసింది. మూడు దిండ్లు కుట్టింది. దారం పోగంత సందు కూడా లేకుండా సరిపోయాయవి. అప్పటి నుంచి ఏటా చలి గాలి మొదలవగానే వాటిని దూర్చడం ఆ ఇంట్లో ఒక పండగ లాంటిది. ఈ ఏడు వదిన మాట విన్నాక, ఇంకా జాగ్రత్తగా ఉండాలని నెల ముందే, తిప్పి కూడా చూడకుండా దూర్చేసింది. చూసినవాళ్లు ముచ్చటపడితే కొలతలడిగి వాళ్లకూ కుట్టిచ్చింది. చుట్టాల్లో ఆమె చలి దిండు లేని ఇల్లు లేదు.

మేస్త్రీ స్టూలు జరిపి పక్కకు తప్పుకున్నాడు. "నువ్వే తియ్యమ్మా" అన్నాడు.

ఆమె ఎక్కి దిండును లాగింది. అంత బాగా సరిపోయింది కదా, ఊరికే రాలేదు. వచ్చాక తిప్పి చూసింది. ముందు ఎర్రపువ్వు. వెనక నల్లగా, మెత్తగా, తడిగా, బూజు. ఆ రంధ్రం నుంచి చల్లటి గాలి ఒక్కసారిగా ఆమె ముఖానికి తగిలింది. ఏడేళ్లుగా ఇంట్లో ఆవిరంతా బయటికి పోవడానికి వచ్చి, ఈ పువ్వు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, పిల్ల మంచం వెనక చల్లగా ఉన్న గోడను వెతుక్కుని అక్కడ కూర్చుందన్నమాట.

స్టూలు దిగి ఆమె కింద కూర్చుండిపోయింది. తల తీసినట్టయింది. ఇంటాయన్ను తిట్టిన తిట్లు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి గానీ, వాటికి కాదు ఆమె ఏడ్చింది. ఆసుపత్రిలో తొమ్మిది రోజులు పిల్ల ముక్కుకు గొట్టం పెట్టుకుని పడుకుంటే, తను పక్కన కూర్చుని, ఇంటికి వెళ్లగానే దిండ్లు ఇంకా బిగించాలి అనుకుంది. అందుకు ఏడ్చింది. బిగించింది కూడాను.

మేస్త్రీ అన్నాడు, "ఏడుపుకి ఇంకా తేమ పెరుగుతుందమ్మాయ్. లే. చలికి ఇంకా మూడు వారాలుంది."

ఆ మాటకు ఆమెకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. కోపం వచ్చిందంటే టేపక్క మామూలు మనిషయినట్టే లెక్క. కళ్లు తుడుచుకుని పుస్తకం తీసింది. "చెప్పండి, ఏం చెయ్యాలో. వరసగా చెప్పండి."

బూజును పొడి బ్రష్షుతో గీకకూడదట, గాల్లోకి లేచి ఇల్లంతా పడుతుందట. అందుకని పిచ్చుక బడిలో ఉన్న వేళ, కిటికీలు బార్లా తెరిచి, మూతికి గుడ్డ కట్టుకుని, బ్లీచింగు నీళ్లలో ముంచిన గుడ్డతో సుద్దగీతల లోపలంతా తుడిచింది. తుడిచిన గుడ్డను మళ్లీ ముంచకుండా సంచిలో వేసి మూతి కట్టింది. అంగుళం అంగుళం చేసింది. మంచం వెనక గోడకే రెండు రోజులు పట్టింది. రంగు వెయ్యడానికి చెయ్యి దురదపెట్టినా, పూర్తిగా ఆరేదాకా వెయ్యొద్దన్నాడు గనక ఆగింది. ఆగడం ఆమెకు తుడవడం కంటే కష్టమైంది. మంచం గోడకు జానెడు దూరం జరిగింది, బీరువా బెత్తెడు. ఇస్త్రీ బల్ల కిటికీ కిందికి వచ్చింది. వంట చేసేటప్పుడు గిన్నెలకు మూతలు పడ్డాయి.

ఇవన్నీ ఒక ఎత్తు, మేడ మెట్లెక్కడం ఒక ఎత్తు. తడి గుడ్డ ఆరెయ్యడానికి ఇంట్లో తప్ప ఉన్న చోటల్లా మేడ మీద రేకుల కింద వరండా ఒక్కటే. అది ఇంటాయనది. టేపక్క మూడు సార్లు మొదటి మెట్టు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. నాలుగోసారి పిచ్చుక దగ్గింది. మామూలు దగ్గే. కానీ ఆమె ఇంక మెట్ల మధ్య ఎక్కడా ఆగలేదు.

ఇంటాయన తలుపు తీసి, ఎదురుగా ఆమెను చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"గోడ బాగానే ఉందండీ" అంది టేపక్క. మనసులో మడతపెట్టి ఉంచుకున్న మాటల్లో ఇది లేదు. "మీ వరండాలో తాడు కట్టుకోనిస్తారా? గుడ్డలు ఆరేసుకోవాలి."

ఆయన రెండు క్షణాలు చూసి, లోపలికి వెళ్లి తాళంచెవి తెచ్చిచ్చాడు. "తాడు మా ఇంట్లోనే ఉంది, కొనకండి" అన్నాడు. రెండేళ్ల తగువు అంత చిన్నగా అయిపోయేసరికి ఆమెకు కాస్త నిరాశగా కూడా అనిపించింది.

పని ఫలిస్తోందా లేదా అన్నది ఆమెకు మాటల్లో కాదు, అంకెల్లో కావాలి. అందుకని రోజూ పొద్దున్నే కిటికీ అద్దాలకు పట్టిన నీటిని గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను స్టీలు గ్లాసులో పిండి, టేపు పెట్టి ఎత్తు కొలిచింది. దిండ్లు పీకిన మర్నాడు అంగుళం ముప్పావు. వారం తిరిగేసరికి అంగుళం. రెండో వారం చివరికి అర. ఒక రోజు వాన పట్టి వరండాలో గుడ్డ తడిసిపోతుందని తెచ్చి ఇంట్లో ఆరేస్తే, మర్నాడు మళ్లీ ముప్పావుకు లేచింది. ఆ అంకె కింద ఆమె రెండు గీతలు గీసి, పక్కన 'నా తప్పు' అని రాసింది. మళ్లీ ఆ తప్పు చెయ్యలేదు. వాన రోజున ఇద్దరు గిరాకీలకు రెండు రోజులు ఆలస్యమవుతుందని ముఖం మీదే చెప్పింది.

డ్రైవరు ఇవన్నీ చూస్తూనే ఉన్నాడు. "ఏమైంది, గోడ నయమైందా?" అని అడిగాడొకనాడు. "మేస్త్రీ చెప్పినట్టు చేశానండీ" అని ఊరుకుంది. దిండ్ల సంగతి ఎవరికీ చెప్పలేదు. వాటిని మూటగట్టి బీరువా పైన పడేసింది.

గోడ ఆరాక ఒక పూత తెల్లరంగు వేసింది. నాలుగు రోజులకు చలి దిగింది. నోట్లోంచి పొగ వచ్చే చలి. ఆ ఆదివారం ఉదయం వదినా దిగింది, చేతిలో ఖాళీ సంచి, అందులోంచి తొంగిచూస్తూ పిల్ల కోసం కొన్న ఉన్ని టోపీ.

వదిన కాఫీ కూడా తాగలేదు. నేరుగా మంచం దగ్గరికి వెళ్లి, వంగి, గోడ మీద వేలు పెట్టి ఆ చివర నుంచి ఈ చివరకు రాసింది. వేలు చూసుకుంది. బీరువా వెనక టార్చి వేసి చూసింది. కిటికీ మూల గోరుతో గీకింది. టేపక్క చేతులు కట్టుకుని నిలబడింది. పరీక్ష రాసి, మాస్టారు దిద్దుతుంటే పక్కనే నిలబడ్డట్టుంది ఆమెకు.

"ఏమీ లేదే" అంది వదిన చివరికి. సంతోషమో ఆశ్చర్యమో ఆమెకే తెలియలేదు. అంతలో భుజాలు ముడుచుకుని పైకి చూసింది. "గాలెక్కడి నుంచి వస్తోంది? అయ్యో, చలి దిండ్లు పెట్టలేదేమే! ఇంత చలిలో పిల్ల బిగుసుకుపోదూ? సరేలే, ఏదైతేనేం, ఆ ఇంటాయన గోడ బాగు చేయించాడు కదా."

అక్కడితో ఊరుకోవచ్చు. గోడ పరీక్ష నెగ్గింది, పిల్ల ఇంట్లో ఉంటుంది, తప్పు ఇంటాయన నెత్తిన ఉండిపోతుంది. అవునని తలూపితే చాలు. టేపక్క తల ఊపబోయింది కూడా. కానీ అప్పుడు ఆమెకు వదిన ఇల్లు కళ్లముందు కదిలింది. పడగ్గదిలో పచ్చ దిండు, వంటింట్లో రెండు గళ్ల దిండ్లు. మూడేళ్ల కింద తనే వెళ్లి, స్టూలెక్కి, కొలతలు తీసి, కుట్టి, దూర్చి వచ్చింది. ఆ ఇంటికే ఈ పిల్లను పంపబోయారు. ఆ ఇంట్లోనే వదిన మొగుడు మూడేళ్లుగా చలికాలమంతా దగ్గుతూ మంచాన పడుతున్నాడు, వయసు మీద పడిందని అందరూ అనుకుంటున్నారు.

ఆమె బీరువా పై నుంచి మూట దించి విప్పింది. నీలం దిండును తిప్పి వదిన చేతిలో పెట్టింది.

"గోడది కాదు వదినా. నాది. ఆవిరి బయటికి పోనివ్వకుండా నేనే బిరడా వేశాను. తడి గుడ్డలన్నీ నేనే పిల్ల మంచం పక్కన ఆరేశాను. ఆ తొమ్మిది రోజులూ... నా చేత్తో నేనే తెచ్చి పెట్టాను దానికి." కొంగుతో ముఖం తుడుచుకుంది. "మీరు పిల్లను తీసుకెళ్తానంటే ఇప్పుడు నేను కాదనలేను. కానీ మీ ఇంట్లోవి ముందు పీకెయ్యండి. అన్నయ్యగారి దగ్గు అందుకేనేమో నాకు తెలీదు. పీకి మాత్రం వెనకాల చూడండి."

వదిన ఆ నల్లటి వైపు చాలాసేపు చూసింది. వేలు పెట్టి రాసింది. అప్పుడే తలుపు తోసుకుని పిచ్చుక వచ్చి పడింది, వీధి చివర నుంచి చలిలో పరుగెత్తుకుంటూ, బుగ్గలు ఎర్రగా, అత్తా అని అరుచుకుంటూ. వదిన దిండు కింద పడేసి పిల్లను ఒళ్లోకి లాక్కుంది. పరుగుకు పిల్ల గుండె ఎగసిపడుతోంది. వదిన దాని వీపుకు చెవి ఆనించింది. మరదలు రోజూ చేసే పని ఆమెకూ తెలుసు.

ఎంతకీ తల ఎత్తలేదు. ఎత్తాక, "ఏమీ వినబడట్లేదు" అంది. ఉన్ని టోపీ పిల్ల తలకు పెట్టి, ఖాళీ సంచిని నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. గుమ్మం దాటేదాకా వెనక్కి చూడలేదు. కోపమొచ్చిందో, క్షమించిందో టేపక్కకు అర్థం కాలేదు.

బుధవారం మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"స్టూలెక్కాను" అంది వదిన. "మూడూ పీకాను. వెనకాల నల్లగా ఉన్నాయే."

టేపక్క మిషను తొక్కడం ఆపింది.

"మీ అన్నయ్యగారి మంచం వెనక కూడా చూశాను. గోడ నల్లగా ఉంది. ఇన్నాళ్లూ నీ గోడ మీద వేలు పెట్టి రాశాను గానీ నా గోడ నేను చూసుకోలేదు." వెంటనే మాట మార్చింది. "ఆదివారం రా. ఆ సుద్దముక్కా, ప్లాస్టిక్ కాగితాలూ, నీ టేపూ పట్టుకుని రా. పిల్లను కూడా తీసుకురా, నా చేత్తో ఇంత అన్నం పెడతాను."

"అలాగే వదినా."

"సాయంత్రం పిల్లను నీతోనే తీసుకెళ్దువుగానిలే" అంది వదిన.